ఆస్బెస్టాస్ నష్టపరిహారం: ఎవరికి, ఎంత, ఎలా?

(న్యూజెర్సీ, ఎడిసన్‌లో జరిగిన మన ఫోరం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యులు కోరిన మీదట స్వల్ప మార్పులతో ఇస్తున్నాం.)



ముందే ఒక మాట. నేను లాయర్ని కాను, డాక్టర్ని కాను. డేటాబేసులు రాసుకుని బతికేవాణ్ణి. ఈ విషయంలో నాకు తెలిసిందంతా ఒక మనిషి కాగితాలు సర్దుతూ తెలుసుకున్నది, ఇంకో మనిషికి కాగితాలే లేకపోవడం వల్ల తెలుసుకున్నది. ఆ ఇద్దరి సంగతీ చెబుతాను. అంతకంటే ముందు మనకు దగ్గర్లోనే ఉన్న ఒక ఊరి సంగతి.

మనలో చాలామంది బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తుంటాం. ఆ చుట్టుపక్కలే మ్యాన్విల్ అని ఒక చిన్న ఊరుంది. గుడి నుంచి వస్తూ పెట్రోలు పోయించుకోవడానికి నేను ఎన్నిసార్లు ఆగానో లెక్కలేదు. 1929లో ఏర్పడిన ఆ ఊరికి పేరు ఒక కంపెనీ పేరు మీద వచ్చింది. జాన్స్-మ్యాన్విల్. ఆస్బెస్టాస్ వ్యాపారంలో అమెరికాలోకెల్లా పెద్ద కంపెనీ. మన జంషెడ్‌పూర్‌కి టాటా ఎలాగో, మ్యాన్విల్‌కి ఆ ఫ్యాక్టరీ అలాగ.

1933లో ఆ కంపెనీ ఒక రాజీ చేసుకుంది. ఊపిరితిత్తులు పాడై కేసు వేసిన 11 మంది కార్మికులకు, అందరికీ కలిపి 30,000 డాలర్లు ఇచ్చింది. షరతు ఏమిటంటే, వాళ్ల తరఫున వాదించిన లాయరు ఇకముందు ఆ కంపెనీ మీద ఇలాంటి కేసుల్లో పాల్గొననని రాసివ్వాలి. ఆయన రాసిచ్చాడు. ఈ సంగతి కంపెనీ డైరెక్టర్ల బోర్డు మినిట్స్‌లో ఉంది. అవి బయటపడేసరికి దశాబ్దాలు గడిచాయి. ఆ మధ్యకాలంలో ఓడలకు, పవర్ ప్లాంట్లకు, బడులకు, ఇళ్లకు ఎంత ఆస్బెస్టాస్ పట్టించారో లెక్క కట్టలేం.

సెటిల్‌మెంటు అంటే ఏమిటో అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు. అందులో రెండు వస్తువులు అమ్ముడుపోతాయి. ఒకటి, రోగి కేసు. రెండోది, నిజం బయటకు వచ్చే అవకాశం. మొదటిదానికి ధర కడతారు. రెండోది చాలాసార్లు ఉచితంగా పోతుంది.

జబ్బు సంగతి క్లుప్తంగా

ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు. పేరులోనే ఉంది, రాయీ అదే, నారా అదే. కాలదు, చివకదు, చవక. దాని పీచు కంటికి కనిపించనంత సన్నగా విడిపోయి, ఊపిరితో లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనవి మూడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టాసిస్. ఊపిరితిత్తుల కేన్సర్. ఊపిరితిత్తుల చుట్టూ, లేదా కడుపులో ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే కేన్సర్. ఈ మూడోది వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒకటి రెండేళ్లకు మించి బతకరు.

చట్టాన్ని ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటుంది. దుమ్ము పీల్చిన 20, 30, ఒక్కోసారి 50 ఏళ్లకు జబ్బు బయటపడుతుంది. అప్పటికి ఫ్యాక్టరీ మూతపడి ఉంటుంది, మేస్త్రీ చనిపోయి ఉంటాడు, కంపెనీ పేరు మారి ఉంటుంది. మామూలు ప్రమాదం కేసులో దెబ్బ తగిలిన రోజు తెలుసు, కొట్టినవాడు తెలుసు. ఇక్కడ రెండూ రోగే తవ్వి తీయాలి.

దారి వేసినవాడు

ఈ దేశంలో కూడా కార్మికుడు తన యజమాని మీద దావా వేయడానికి మామూలుగా వీల్లేదు. వర్కర్స్ కాంపెన్సేషన్ కింద ఇచ్చింది పుచ్చుకోవాలి, అంతే. ఆ గోడను దాటే దారి చూపించినవాడు టెక్సస్‌కు చెందిన క్లారెన్స్ బోరెల్. 1936 నుంచి 1969 దాకా పైపులకు, బాయిలర్లకు ఆస్బెస్టాస్ చుట్టే పని చేశాడు. యజమానిని వదిలేసి, ఆ సరుకు తయారుచేసిన కంపెనీల మీద 1969లో దావా వేశాడు. ప్రమాదం తెలిసీ నాకు చెప్పలేదు అన్నదే ఆయన వాదన. విచారణ మొదలుకాక ముందే చనిపోయాడు. ఆయన భార్య కేసు కొనసాగించింది.

జ్యూరీ లెక్క కట్టిన నష్టం 79,436 డాలర్ల 24 సెంట్లు. అప్పటికే నాలుగు కంపెనీలు 20,902 డాలర్ల 20 సెంట్లకు రాజీపడి పక్కకు తప్పుకున్నాయి. జడ్జి ఆ సొమ్మును తీసివేసి మిగతాది మిగిలిన ఆరు కంపెనీల మీద వేశాడు. 1973లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. సరుకు తయారుచేసేవాడికి ఆ రంగంలో నిపుణుడికి ఉండాల్సిన తెలివిడి ఉండాలనీ, తెలిసిన ప్రమాదాన్ని వాడేవాడికి చెప్పి తీరాలనీ తేల్చింది.

ఈ అంకెలు మీకు విసుగు పుట్టించినా ఎందుకు చెప్పానంటే, ఇప్పటికీ కేసులు నడిచే పద్ధతి ఇదే. ఒక రోగి, చాలామంది ప్రతివాదులు. కొందరు ముందే డబ్బిచ్చి వెళ్లిపోతారు, కొందరు చివరిదాకా ఉంటారు. మొత్తం ఒకేసారి, ఒకే చెక్కుగా రాదు.

మా ఇంటి యజమాని లెక్క

నేను ఇక్కడికి ఎమ్మెస్ చేసి ఉద్యోగానికి వచ్చిన కొత్తల్లో ఒక పెద్దాయన ఇంట్లో పై భాగం అద్దెకు తీసుకున్నాను. పైపు ఫిట్టరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. మంచు పడితే నా కారు చుట్టూ కూడా ఆయనే తవ్వేవాడు. ఒక చలికాలం ఆయన తవ్వలేదు. మెట్లెక్కితే ఆయాసం. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు, తర్వాత బయాప్సీలో మీసోథీలియోమా అని తేలింది.

ఆయన కూతురు ఒకరోజు అడిగింది, "నువ్వు కంప్యూటర్ మనిషివి కదా, మా నాన్న కాగితాలు కొంచెం సర్దిపెడతావా?" అని. బేస్‌మెంట్లో నాలుగు అట్టపెట్టెలు. యూనియన్ కార్డులు, పే స్లిప్పులు, క్రిస్మస్ పార్టీ ఫొటోలు. ఫొటోలు ఎందుకనుకున్నాను. తర్వాత తెలిసింది, అందులో పక్కన నిలబడ్డవాళ్లే రేపటి సాక్షులు.

నేను ఒక పట్టిక చేశాను. ఏ సంవత్సరం, ఏ చోటు, ఏ కంపెనీ సరుకు, ఎవరు పక్కన ఉన్నారు. లాయరు ఆఫీసు అడిగేదీ అదే. సోషల్ సెక్యూరిటీ వాళ్ల దగ్గర ఎవరెవరు ఏ ఏడాది జీతం ఇచ్చారో రికార్డు ఉంటుంది. యూనియన్ దగ్గర ఎక్కడ పనికి పంపారో ఉంటుంది. ఈ రెండూ కలిపితే ఒక మనిషి ముప్పై ఏళ్ల పని జీవితం తెర మీద కనిపించింది. ఒక దేశం తన కూలివాణ్ణి ఇంతగా గుర్తుపెట్టుకుంటుందా అని ఆ రాత్రి ఆశ్చర్యపోయాను. ఆ ఆశ్చర్యం వెనక ఇంకో బాధ ఉంది. అది తర్వాత చెబుతాను.

ఇక కేసు నడిచే వరుస. ముందు గడువు. జబ్బు అని తెలిసిన రోజు, లేదా తెలియాల్సిన రోజు నుంచి గడియారం మొదలవుతుంది. న్యూజెర్సీలో రెండేళ్లు. కొన్ని రాష్ట్రాల్లో ఒక్క ఏడాదే. తర్వాత దావా. అందులో పదుల కొద్దీ కంపెనీల పేర్లుంటాయి. ఈ రాష్ట్రంలో ఆస్బెస్టాస్ కేసులన్నీ మన మిడిల్‌సెక్స్ కౌంటీ కోర్టులోనే, న్యూ బ్రన్స్‌విక్‌లో నడుస్తాయి. మనం జ్యూరీ డ్యూటీకి వెళ్లే అదే భవనం.

ఆ తర్వాత అన్నిటికంటే ముఖ్యమైనది, రోగి వాంగ్మూలం. కెమెరా పెట్టి, అవతలి కంపెనీల లాయర్లందరూ వరసగా ప్రశ్నలు వేస్తారు. ఆక్సిజన్ గొట్టంతో ఉన్న మనిషిని "1971లో ఆ సిమెంటు సంచి మీద రంగు ఏమిటి?" అని అడుగుతారు. ఇది క్రూరంగా ఉంటుంది, కానీ తొందరగా జరగాలి. మనిషి పోయాక ఆ వీడియోయే మాట్లాడుతుంది. కాలిఫోర్నియాలో అయితే ఆరు నెలలకు మించి బతకడం అనుమానమని డాక్టర్ల రుజువు చూపిస్తే 120 రోజుల్లో విచారణ పెట్టాలని చట్టం ఉంది.

విచారణ తేదీ దగ్గరపడుతుంటే ఒక్కొక్క కంపెనీ రాజీకి వస్తుంది. తన సరుకు ఎంత రుజువైంది, రోగి వయసెంత, పిల్లలున్నారా, ఆ కౌంటీలో జ్యూరీలు గతంలో ఎంతిచ్చాయి, ఇవన్నీ చూసి అంకె చెబుతుంది. ఒప్పుకుంటే రోగి ఒక విడుదల పత్రం మీద సంతకం పెట్టాలి. ఇకముందు ఆ కంపెనీ మీద అడగను అని. ఎంత తీసుకున్నానో బయట చెప్పను అని. అందుకే మా ఇంటి యజమానికి ఎంత వచ్చిందో నేను మీకు చెప్పలేను. చెప్పలేకపోవడమే ఇందులో నేర్చుకోవాల్సిన విషయం.

వచ్చినదంతా చేతికి రాదు. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతిలో లాయరు మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తీసుకుంటాడు. నిపుణులకు, కాపీలకు అయిన ఖర్చు వేరు. చికిత్సకు మెడికేర్ పెట్టిన డబ్బును తిరిగి కట్టాలి. జబ్బుకు పరిహారంగా వచ్చిన దానిమీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు, కంపెనీకి శిక్షగా వేసిన సొమ్ము మీద ఉంది. ర్యాండ్ సంస్థ 2005లో వేసిన లెక్క ప్రకారం 2002 దాకా 7 లక్షల 30 వేల మంది పరిహారం అడిగారు, దాదాపు 7,000 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అందులో ప్రతి డాలర్‌లో రోగుల చేతికి వచ్చింది 42 సెంట్లే. మిగతాది ఇరుపక్షాల లాయర్లకు, ఖర్చులకు పోయింది.

మా పెద్దాయన ఆఖరి చెక్కు చూడలేదు. అది ఎస్టేట్ పేర వచ్చింది.

దివాలా తీసిన కంపెనీ ఎలా చెల్లిస్తుంది?

కేసులు పెరిగాక 1982 ఆగస్టులో జాన్స్-మ్యాన్విల్ దివాలా కోర్టుకెక్కింది. డబ్బు లేక కాదు, రాబోయే కేసులకు భయపడి. ఆ దివాలాలోంచి 1988లో ఒక ట్రస్టు పుట్టింది. కంపెనీ వాటాలు, డబ్బు ట్రస్టుకు ఇస్తుంది, ఇకముందు రోగులందరూ ట్రస్టునే అడగాలి, కంపెనీ మీదకు రాకూడదు. ఈ పద్ధతిని 1994లో దివాలా చట్టంలోనే 524(జి) అనే సెక్షన్‌గా చేర్చారు. ఓటు వేసే రోగుల్లో కనీసం 75 శాతం ఒప్పుకోవాలి. ఇంకా జబ్బు బయటపడని, రేపటి రోగుల తరఫున మాట్లాడటానికి ఒక ప్రతినిధిని పెట్టాలి. ఇంకా పుట్టని కేసుకు వకీలు అన్నమాట. ఆలోచన గొప్పదే.

ఆచరణ చూద్దాం. ప్రతి జబ్బుకూ ట్రస్టు ఒక ధర రాసి పెడుతుంది. కానీ ఆ ధర మొత్తం ఇవ్వదు, ఒక శాతమే ఇస్తుంది. మ్యాన్విల్ ట్రస్టులో మీసోథీలియోమాకు రాసిన ధర 3 లక్షల 50 వేల డాలర్లు. శాతం 5.1కి దిగాక చేతికి వచ్చేది 17,850 డాలర్లు. మొదట్లో వచ్చినవాళ్లకు పూర్తిగా ఇచ్చి డబ్బు అయిపోవడం వల్ల వచ్చిన తిప్పలివి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2011 నివేదిక ప్రకారం ఇలాంటి ట్రస్టులు దాదాపు 60. 2010 దాకా 33 లక్షల క్లెయిములకు 1,750 కోట్ల డాలర్లు చెల్లించాయి. ఒక్కో రోగి పని చేసిన చోట్లను బట్టి చాలా ట్రస్టులను విడివిడిగా అడగవచ్చు కాబట్టి క్లెయిముల సంఖ్య మనుషుల సంఖ్య కంటే ఎక్కువ.

రోగుల తరఫు లాయర్లందరూ హరిశ్చంద్రులని నేను అనను. 2014లో నార్త్ కరొలైనాలో గార్లాక్ అనే కంపెనీ దివాలా కేసులో జడ్జి హాడ్జెస్ 15 పాత కేసులు తిరగేయిస్తే, పదిహేనింటిలోనూ రోగి ఇతర కంపెనీల సరుకు తాకిన సాక్ష్యాన్ని దాచిపెట్టారని తేలింది. కోర్టులో ఒక కథ, ట్రస్టు దగ్గర ఇంకో కథ. దీన్ని కంపెనీలు తమకు అనుకూలంగా బాగా వాడుకున్నాయి. మన పక్షం అబద్ధమాడితే దాని ఖర్చు తర్వాత వచ్చే నిజమైన రోగి కడతాడు.

కంపెనీల తెలివికి కూడా కొదవ లేదు. 2021లో జాన్సన్ అండ్ జాన్సన్ టెక్సస్ చట్టంలోని ఒక వెసులుబాటుతో పౌడరు కేసులన్నిటినీ ఒక కొత్త కంపెనీ మీద పడేసి, ఆ కొత్త కంపెనీని దివాలాకు పంపింది. తమ పౌడర్లో ఆస్బెస్టాస్ లేదనే ఆ కంపెనీ ఇప్పటికీ అంటుంది. ఈ ఎత్తును కోర్టులు 2023లో రెండుసార్లు, 2025 మార్చిలో మూడోసారి తిప్పికొట్టాయి. మూడోసారి పెట్టిన మొత్తం దాదాపు 900 కోట్ల డాలర్లు. అంత డబ్బు ఉన్నవాడు దివాలా కోర్టులో ఎందుకున్నాడన్నది మామూలు మనిషికి వచ్చే ప్రశ్న.

మా పెద్దనాయిన లెక్క

ఇప్పుడు రెండో మనిషి. మా పెద్దనాయిన మెదక్ జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి రేకుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేశాడు. సంచులు కోసి నార కలిపే చోట. సాయంత్రం తలంతా తెల్లగా ఇంటికొస్తే మా పెద్దమ్మ ఆ బట్టలు వాకిట్లో దులిపి ఉతికేది. నేను చూసేనాటికి ఆయన మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరాడదు. "ఆ నార దుమ్ము ఇంకా లోపలనే ఉన్నదిరా" అనేవాడు. ఆస్పత్రిలో టీబీ అన్నారు, మందులిచ్చారు, తగ్గలేదు. 2009లో పోయాడు. బయాప్సీ లేదు. ఫ్యాక్టరీ పేరు నేను చెప్పను. చెప్పి నిలబడటానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. హాజరు పట్టీ కాంట్రాక్టరుది, కాంట్రాక్టరు ఎప్పుడో పోయాడు. పెద్దమ్మ ఇప్పుడు దగ్గుతుంది. అది ఏ దగ్గో ఎవరూ చూడలేదు.

మా ఇంటి యజమానికి నాలుగు అట్టపెట్టెలు. మా పెద్దనాయినకు ఒక ఫొటో, అదీ పెళ్లిది. నేను చెప్పిన బాధ ఇదే.

మన దేశంలో చట్టం లేదనుకుంటే పొరపాటు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు, కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ఉంచాలని ఆదేశించింది. జబ్బు ధ్రువపడిన కార్మికులకు లక్ష రూపాయలు ఇవ్వమంది. పాత కార్మిక నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో ఆస్బెస్టాసిస్, మీసోథీలియోమా ఉండేవి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. జాబితాలకు కొదవ లేదు. ఆ జబ్బని రాసే డాక్టరు, ఆ పని చేశాడని చూపే రికార్డు, ఆ రెంటినీ కోర్టుకు తెచ్చే మనిషి, ఈ ముగ్గురే లేరు. పైగా తెల్ల ఆస్బెస్టాస్‌ను అమెరికా 2024లో నిషేధించింది, మనం ఇంకా దిగుమతి చేసుకుని రేకులు పోస్తున్నాం.

ఒక్క పోలిక చెప్పి ఈ భాగం ముగిస్తాను. యూనియన్ కార్బైడ్ కంపెనీ కాలిఫోర్నియాలో ఆస్బెస్టాస్ తవ్వి అమ్మింది. ఆ కేసుల కోసం 2002 చివర్లో తన ఖాతాల్లో చూపించిన బాధ్యత 220 కోట్ల డాలర్లు. అదే కంపెనీ భోపాల్‌కు 1989లో తుది సెటిల్‌మెంటుగా ఇచ్చింది 47 కోట్ల డాలర్లు. భోపాల్ బాధితులు ఇక్కడ కోర్టుకు వస్తే 1986లో జడ్జి కీనన్ మీ దేశంలోనే చూసుకోండని పంపేశాడు. ఇంకా పరిహారం ఇప్పించమన్న పిటిషన్‌ను 2023 మార్చిలో మన సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే కంపెనీ, అవే ఊపిరితిత్తులు. తేడా పాస్‌పోర్టులో ఉంది.

అలాగని దారి లేదనీ అనలేం. దక్షిణాఫ్రికా గని కార్మికులు బ్రిటిష్ కంపెనీ కేప్ మీద లండన్‌లో దావా వేస్తే, 2000లో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ కేసు ఇక్కడే నడపొచ్చని తేల్చింది. 7,500 మంది. 2001లో 2 కోట్ల 10 లక్షల పౌండ్లకు రాజీ కుదిరింది, కంపెనీ కట్టలేదు. 2003లో 75 లక్షల పౌండ్లకు దిగింది. సగటున మనిషికి వెయ్యి పౌండ్లు. సంతకం అయినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదని నేర్పిన కేసు అది. అయినా, వాళ్లు తమ పేర్లు ఒక జాబితాగా రాసుకుని ఉన్నారు కాబట్టే ఆ మాత్రమైనా వచ్చింది.

మనం చేయగలిగినవి

ఒకటి. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్ననో, మామనో, బాబాయినో అడగండి. రేకుల ఫ్యాక్టరీ, షిప్‌యార్డు, థర్మల్ స్టేషన్, రైల్వే వర్క్‌షాపు, గల్ఫ్ రిఫైనరీ, ఎక్కడ చేశారు, ఏ ఏళ్లలో, ఎవరి కింద, పక్కన ఎవరు. రాసుకోండి. ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు ఫొటో తీసి పంపమనండి.

రెండు. ఆయాసం, ఊపిరితిత్తి చుట్టూ నీరు ఉంటే, పాత పని సంగతి డాక్టరుకు నోరు తెరిచి చెప్పమనండి. సీటీ స్కాన్, బయాప్సీ నమూనా ఆస్పత్రిలో వదిలేయవద్దు.

మూడు. ఇక్కడ పాత ఇల్లు కొన్నవాళ్లు బేస్‌మెంట్ పైపుల చుట్టూ ఉన్న తెల్ల పట్టీని, పాత ఫ్లోర్ టైల్స్‌ను పరీక్ష చేయించకుండా పీకవద్దు. కూలికి వచ్చినవాడి చేత అసలే పీకించవద్దు. వాడూ ఎవరికో పెద్దనాయినే.

నాలుగు. భారత పౌరసత్వం ఉన్న ఎవరైనా 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 1995 తీర్పు చెప్పిన ఆరోగ్య రికార్డులు రెండు తెలుగు రాష్ట్రాల ఫ్యాక్టరీల శాఖల దగ్గర ఎన్ని ఉన్నాయి? ఎంతమందికి జబ్బని నమోదైంది? ఎంతమందికి పరిహారం ముట్టింది? ఈ మూడు ప్రశ్నలతో దరఖాస్తు నమూనా తయారుచేశాను. బయట బల్ల మీద ఉంది. పౌరసత్వం మారినవాళ్లు ఊళ్లో ఉన్న తమ్ముడి చేత వేయించండి. వచ్చిన జవాబులన్నీ ఒక పట్టికలో పెట్టే పని నాది, అది నాకు వచ్చిన పనే.

సెటిల్‌మెంటు న్యాయం కాదు. కానీ సెటిల్‌మెంటు దాకా వెళ్లాలన్నా ముందు ఆ మనిషి అక్కడ పనిచేశాడని ఎక్కడో రాసి ఉండాలి. 1933లో ఆ పదకొండు మందికి దక్కింది తక్కువే, కానీ వాళ్లు పదకొండు మంది అని మనకు తెలుసు. మా పెద్దనాయినతో పాటు ఆ షెడ్డులో ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. ముందు ఆ లెక్క రాద్దాం.